ఎంటెకావిర్ వాడుతున్నా వైరల్ లోడ్ దిగడం లేదు

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 54 ఏళ్లు, క్రానిక్ హెపటైటిస్ బి (ఏళ్ల తరబడి ఉండే లివర్ వైరస్ జబ్బు). 14 నెలలుగా ఆ వైరస్‌ని అణిచే ఎంటెకావిర్ మాత్ర 0.5 మి.గ్రా. వాడుతున్నారు, ఒక్క రోజు కూడా మానలేదు. మొదట్లో 24 లక్షలున్న హెచ్‌బీవీ డీఎన్‌ఏ (వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) ఆరో నెలకి 3,100కి దిగింది, ఇప్పుడు 2,900 దగ్గరే ఆగిపోయింది. ఏఎల్‌టీ (లివర్ టెస్టు) 61, క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు) 0.9. ఖాళీ కడుపుతో వేసుకోవాల్సిన మాత్రని టిఫిన్ తినగానే వేసుకుంటున్నారని తెలిసి, ఐదు నెలలుగా రాత్రి భోజనమయ్యాక రెండు గంటలు ఆగి ఇస్తున్నాం. అయినా తేడా లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. పదేళ్ల క్రితం ఏడాదిన్నర లామివుడిన్ (ఇదే జబ్బుకి పాత మందు) వాడిన చీటీ మొన్ననే బీరువాలో దొరికింది. నా అనుమానమంతా దానిమీదే, అది వాడినందువల్లే వైరస్ ఇప్పుడు ఎంటెకావిర్‌కి సరిగా లొంగడం లేదేమో అని. సోమవారం కాకినాడలో డాక్టరుగారికి చూపిస్తాం. ఇలా ముందు లామివుడిన్ వాడి, తర్వాత ఎంటెకావిర్ నుంచి టెనోఫోవిర్‌కి (ఇదే జబ్బుకి ఇంకో మందు) మారినవాళ్లుంటే, మీకు వైరల్ లోడ్ పూర్తిగా దిగడానికి ఎన్ని నెలలు పట్టింది?