1844లో హెన్రీ క్లే గెలిచుంటే టెక్సాస్ సంగతేంటి?

అమెరికా చరిత్రను కాస్త మలుపు తిప్పి ఓ పెద్దకథ రాస్తూ మధ్యలో ఇరుక్కుపోయాను. 1844 అధ్యక్ష ఎన్నికల్లో విగ్ పార్టీ అభ్యర్థి క్లే, డెమోక్రాట్ పోల్క్ చేతిలో న్యూయార్క్‌లో సుమారు 5,100 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. మూడో అభ్యర్థి, బానిసత్వ వ్యతిరేకి బర్నీకి అక్కడ పడినవి 15 వేల పైచిలుకు! వాటిలో మూడోవంతు ఇటు తిరిగినా ఆ రాష్ట్రపు 36 ఎలక్టోరల్ ఓట్లతో క్లేనే అధ్యక్షుడు. నా కథలో అదే జరుగుతుంది.

చిక్కల్లా అప్పటి అధ్యక్షుడు టైలర్‌తోనే. దిగిపోయే ముందు, 1845 మార్చి 1న, అప్పటికి స్వతంత్ర దేశమైన టెక్సాస్‌ను అమెరికాలో కలిపే విలీన తీర్మానంపై సంతకం పెట్టేశాడాయన. సెనేట్‌లో అది 27-25తో బొటాబొటిగా గట్టెక్కింది. విలీనానికి సై అన్న పోల్క్ గెలిచిన ఊపు లేకుంటే ఆ ఓట్లు పడేవా? విలీనం ఆగితే మెక్సికో యుద్ధం రాదనుకుంటున్నా. మరి కొత్త బానిస రాష్ట్రాలు కోరుకునే దక్షిణాది ఊరుకునేదా, క్యూబా మీద కన్నేసేదా?

విగ్ పార్టీ గురించి బాగా చదివినవాళ్లు కాస్త చెప్పండి. క్లే వీరాభిమాని లింకన్‌ను ఎక్కడ పెట్టాలో కూడా తోచట్లేదు.