సింగపూర్‌లో 5 రోజులు, అమ్మతో కలిసి నా లిస్ట్ తిరగాలి, కాస్త సలహా చెప్పండి

అందరికీ నమస్తే, మాది కావలి. డిసెంబర్‌లో అమ్మను తీసుకుని మొదటిసారి సింగపూర్ పోతుండా. ప్యాకేజీ టూర్ వద్దనుకుని నేనే సొంతంగా ఒక లిస్ట్ రాసుకున్నా, ఏందంటే బస్సులో కూర్చోబెట్టి ఫోటోలు తీయించి దించేస్తే ఊరు చూసినట్టే ఉండదు నాకు.

లిస్ట్‌లో మొదటిది పొద్దున్నే బొటానిక్ గార్డెన్స్, 5 గంటలకే తెరుస్తారు, టికెట్ లేదు, 2015లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. తర్వాత సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి, అది అమ్మ కోసం. టెక్కా మార్కెట్‌లో చేపలు కూడా చూడాలి, నెల్లూరోళ్లం కదా, చేపల మార్కెట్ చూడకుండా ఎట్టా వస్తాం.

అసలు నా మనసంతా పులావ్ ఉబిన్ దీవి మీద ఉంది. చాంగీ పాయింట్ నుంచి చిన్న పడవలో పోవాలంట, 12 మంది నిండితేనే కదులుతుందంట, అక్కడ సైకిల్ మీద మడ అడవుల దాకా పోవచ్చంట. అమ్మకి మోకాళ్ల నొప్పి, సైకిల్ తొక్కలేదు, పడవ ఎక్కి దిగేటప్పుడు మెట్లు ఇబ్బందిగా ఉంటాయా? దీవిలో పెద్దోళ్లు పోను వ్యాన్ లాంటిది దొరుకుద్దా?

ఇంకోటి, డిసెంబర్‌లో మనకి లాగే అక్కడా వానలంట. రోజంతా పడతాయా, కాసేపు పడి ఆగుతాయా? అక్కడ ఉండే అన్నలు అక్కలు ఎవరన్నా చెప్పండి, దీన్నిబట్టే ఉబిన్ ఏ రోజు పెట్టుకోవాలో చూసుకుంటా.