చెయ్యి విరిగితే ముందు నాటుకట్టా, ఎక్స్‌రేనా? మీ అనుభవాలు చెప్పండి

బ్రాడీపేట 4వ లైను:
మా ఇంట్లో నెల రోజులుగా ఇదే గొడవ. మా అన్నయ్య కొడుక్కి ఆరేళ్ళు. మేడ మెట్ల మీంచి పడ్డాడు, మోచేతికి కాస్త పైన బాగా వాచింది. మా అమ్మ వాణ్ణి కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, పైన గుడ్డ. బిగించి కట్టారు. రాత్రంతా పిల్లాడు ఏడుస్తూనే ఉన్నాడు. మొదటిరోజు అలాగే ఉంటుందిలే అనుకున్నారు. తెల్లారేసరికి వేళ్ళు నీలంగా మారాయి, ముట్టుకుంటే తెలియడం లేదన్నాడు. పరుగు పరుగున విజయవాడ తీసుకెళ్తే కట్టు కోసేసి, ముంజేతికి పొడుగ్గా గాటు పెట్టి లోపలి ఒత్తిడి తగ్గించారు. చెయ్యి దక్కింది. కానీ రెండు వేళ్ళు ఇంకా పూర్తిగా చాపలేకపోతున్నాడు.

అమ్మ మాత్రం "మా రోజుల్లో అందరికీ ఆ కట్టే, అందరి చేతులూ బాగానే ఉన్నాయి" అంటుంది. నేననేది ఒకటే. ఎక్స్‌రే చూడకుండా పిల్లల మోచేతికి ఎవరూ కట్టు కట్టకూడదు. కాదనేవాళ్ళు ఉంటే కారణం చెప్పండి, వింటాను.

మిర్చియార్డు తమ్ముడు:
అక్కా, బాబు సంగతి చదివి చాలా బాధేసింది. అయినా కట్టు మొత్తం తప్పంటే ఒప్పుకోలేను. మా నాన్న గుంటూరు యార్డులో హమాలీ. నా చిన్నప్పుడు మిర్చి టిక్కీ (బస్తా) భుజం మీద పడి కాలర్ బోన్ విరిగింది. ఆస్పత్రిలో ప్లేటు వేయాలన్నారు. అంత డబ్బు ఎక్కడిది? కట్టు కట్టించుకున్నాడు, మూడు నెలలకి మళ్ళీ మోతకి వెళ్ళాడు. పుత్తూరు దగ్గర ఈశ్వరాపురానికి కట్టు కోసం తరాల నుంచి రాష్ట్రాలు దాటి జనం వస్తున్నారు. ఫలితమే లేకపోతే ఇన్నేళ్ళు ఎందుకు వస్తారు? ఆస్పత్రి అంటే ఎక్స్‌రే ఖర్చు ఒక్కటే కాదు. ఆ రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాడి కూలీ పోతుంది. అది కూడా లెక్కేయండి.

ఫిజియో, గవర్నర్‌పేట:
తమ్ముడూ, మీ నాన్నగారి విషయంలో కట్టు పనిచేసిందన్నది నిజమే. అయితే ఎందుకు పనిచేసిందో చూడాలి. కాలర్ బోన్ విరిగినవాళ్ళలో చాలామందికి చెయ్యి మెడకు వేలాడదీసి కొన్ని వారాలు కదలకుండా ఉంచితే చాలు, అదే అతుక్కుంటుంది. విరిగినచోట ముందు రక్తం గడ్డకడుతుంది, రెండు మూడు వారాలకి మెత్తటి జిగురులాంటి ఎముక వస్తుంది, తర్వాత అది గట్టిపడుతుంది. ఈ పనంతా ఒళ్ళే చేసుకుంటుంది. పసరు కట్టయినా, పిండికట్టయినా చేసేది ఎముకను కదలకుండా ఆపడమే. పిల్లలకైతే ఇంకా త్వరగా అతుకుతుంది, కొద్దిపాటి వంకర పెరిగేకొద్దీ సరవుతుంది కూడా. అందుకే కట్టు కట్టేవాళ్ళకి అంత మంచిపేరు.

మోచెయ్యి సంగతి వేరు. ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లలు చెయ్యి చాపి పడి మోచేతి దగ్గర విరిగిందంటే, ఎక్కువగా విరిగేది దానికి కాస్త పైనే. అక్కడ ఎముక మొన పక్కనే చేతికి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని ఉంటుంది. అసలే వాపు, దానిమీద బిగువు కట్టు. ముంజేతి కండ చుట్టూ సాగని పొర ఉంటుంది కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆగిపోతుంది. ఆరు గంటలు గడిస్తే కండ చావడం మొదలవుతుంది. చచ్చిన కండ మళ్ళీ రాదు, ముడుచుకుపోయి వేళ్ళు కొంకర్లు పోతాయి. 1881లోనే ఫోక్‌మన్ అనే జర్మన్ సర్జన్ ఇది బిగువు కట్ల వల్ల వస్తోందని రాశాడు.

కృష్ణలంక:
అలాగైతే ఆస్పత్రి పిండికట్టు బిగువవదా? మా చెల్లికి మణికట్టు విరిగితే ఒక ఆస్పత్రిలో చుట్టూ పూర్తి కట్టు వేసి సాయంత్రమే ఇంటికి పంపారు. అర్ధరాత్రి నొప్పి తట్టుకోలేక ఫోన్ చేస్తే "మాత్ర వేయండి, పొద్దున రండి" అన్నారు. మేమే వేరేచోటికి తీసుకెళ్ళి చీల్పించాం. తప్పంటే రెండువైపులా తప్పే అనండి.

ఫిజియో, గవర్నర్‌పేట:
మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఒత్తిడికి పసరు, సిమెంటు అన్న తేడా లేదు. వాపు ఉన్నప్పుడు చుట్టూ మూయకుండా ఒకవైపు మాత్రమే పట్టే సగం పిండికట్టు (స్లాబ్) వేసి, వాపు తగ్గాక పూర్తి కట్టు వేయడం మంచి పద్ధతి. కట్టు ఎవరు కట్టినా ఇంటివాళ్ళు వేళ్ళ మీద కన్నేసి ఉంచాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. మనం వేళ్ళు మెల్లగా చాపితే ప్రాణం పోయేంత నొప్పి వస్తోందంటే అది తొలి గుర్తు. నీలంగా మారడం, నాడి అందకపోవడం చాలా ఆలస్యంగా కనిపిస్తాయి, వాటికోసం ఆగకూడదు. పొద్దున రమ్మన్నా ఆగకండి. అర్ధరాత్రయినా సరే, కట్టుతో పాటు కింది దూదిని కూడా చర్మం కనబడేదాకా చీల్పించాల్సిందే.

బ్రాడీపేట 4వ లైను:
ఈ ఒక్క ముక్క ఆ రాత్రి మాకు తెలిసుంటే! వాడు "వేలు ముట్టుకోవద్దు అత్తా" అని అరిచాడు. మారాం చేస్తున్నాడనుకున్నాం.

తెనాలి మాస్టారు:
నేను రిటైర్డ్ టీచర్ని. ఎముకల ఆస్పత్రుల్లో తొడ విరిగినవాళ్ళకి కాలు కదలకుండా వేసే థామస్ స్ప్లింట్ పేరు వినే ఉంటారు. దాన్ని తయారుచేసిన హ్యూ ఓవెన్ థామస్‌ది వేల్స్‌లో తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబం. తండ్రి కూడా అదే పని చేసేవాడు. కొడుకును మాత్రం డాక్టరు చదువు చదివించాడు. చేతి నేర్పు, చదువు ఒకచోట కలిశాయి. 1891లో ఆయన పోయాక, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ ఆ స్ప్లింట్‌ను వాడకంలోకి తెచ్చి ఎందరో సైనికుల ప్రాణాలు కాపాడాడు. మన దగ్గర కట్టు కట్టే కుటుంబాలను దొంగలన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు. ఏది కట్టవచ్చు, దేన్ని వెంటనే ఆస్పత్రికి పంపాలి అన్నది వాళ్ళకి నేర్పించాలి.

కృష్ణలంక:
నేర్పేదాకా ఈలోపు పడే పిల్లల సంగతేమిటి మాస్టారూ? అయినా పిల్లల దాకా ఎందుకు, మా అమ్మమ్మ బాత్రూంలో జారిపడితే తుంటి విరిగిందని తెలియక మూడు వారాలు కట్టుతో మంచంలో పడుకోబెట్టారు. ముసలివాళ్ళకి తుంటి విరిగితే ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి లేపి నడిపించాలట. పడుకునే ఉంటే వీపు పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్ళలో రక్తం గడ్డలు. అమ్మమ్మకి మొదటి రెండూ వచ్చాయి. ఆమె లేచి నడవనేలేదు.

తెనాలి మాస్టారు:
అమ్మా, దానికి నా దగ్గర జవాబు లేదు. తుంటికి కట్టు వద్దన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

మిర్చియార్డు తమ్ముడు:
ఫిజియో గారూ, ఒక సంగతి అడగాలి. మా బావ కూడా హమాలీనే. పన్నెండు రోజుల క్రితం లారీ దగ్గర జారి అరచెయ్యి మోపి పడ్డాడు. ఎక్స్‌రే తీయించాం, ఏమీ లేదు, బెణుకన్నారు. అందుకే తైలం పెట్టి తోమించి కట్టు కట్టించాం. నొప్పి తగ్గలేదు. ఎక్స్‌రే తీసినా ఇదే గతి అయితే ఇక ఎక్స్‌రే గొప్పేంటి?

ఫిజియో, గవర్నర్‌పేట:
ముందు తోమడం ఆపండి. దెబ్బ తగిలినచోట గట్టిగా తోమితే మేలు లేదు సరికదా, మోచేతి దగ్గరైతే కండలో ఎముక పెరిగి కీలు బిగుసుకుపోవచ్చు. ఇప్పుడు బావగారిని బొటనవేలు పైకి చాపమనండి. వేలి మొదట్లో, మణికట్టు పక్కన గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పా?

మిర్చియార్డు తమ్ముడు:
సరిగ్గా అక్కడే. చెయ్యి లాగేసుకున్నాడు.

ఫిజియో, గవర్నర్‌పేట:
అక్కడ స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. అది విరిగితే మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. అనుమానం ఉంటే ఊరికే చెయ్యి కదలకుండా కట్టి, పది నుంచి పద్నాలుగు రోజులకి మళ్ళీ తీస్తారు. దానికి రక్తం కొసవైపు నుంచి వెనక్కి వస్తుంది కాబట్టి వదిలేస్తే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక చచ్చిపోవచ్చు, మణికట్టు జీవితాంతం అరిగిపోతూ ఉంటుంది. రేపే పెద్దాస్పత్రి ఓపీకి తీసుకెళ్ళి, స్కాఫాయిడ్ అనుమానమని పేరు పెట్టి అడగండి. పాత ఫిల్మ్ కూడా పట్టుకెళ్ళండి.

మిర్చియార్డు తమ్ముడు:
వెళ్ళొచ్చాం. ఎక్స్‌రేలో విరిగిన గీత కనబడింది. బొటనవేలు కలిపి పిండికట్టు వేశారు, కనీసం ఎనిమిది వారాలు బరువు ఎత్తొద్దన్నారు. ఫిజియో గారూ, మీకు రుణపడి ఉంటాను. ఇక కట్టుకి ముందు ఎక్స్‌రే అన్న మాట నేను కాదనను, నొప్పి తగ్గకపోతే రెండోసారి కూడా తీయిస్తాను. కానీ అక్కా, మిర్చి సీజన్ ఇప్పుడే. ఏడాదికి సరిపడా కూలి ఈ నాలుగు నెలల్లోనే దొరుకుతుంది. బావ ఎనిమిది వారాలు ఇంట్లో కూర్చుంటే పిల్లల ఫీజు ఎవరు కడతారు? జనం వారంలో తగ్గిస్తామనే కట్టు దగ్గరికి వెళ్ళేది ఇందుకే. ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న గొడవ కూడా అదే.