అప్‌డేట్: కుమరకంలో అమ్మ బోటెక్కింది

పోయిన నెల ఇక్కడే అడిగాను: అమ్మ వీల్‌చెయిర్‌తో కేరళలోని కుమరకం రిసార్టులో చిన్న శికారా బోటు (పైకప్పున్న షికారు పడవ) ఎక్కగలదా అని. వెళ్లొచ్చాం. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

శబరి ఎక్స్‌ప్రెస్‌లో కొట్టాయంలో దిగి, అక్కడి నుంచి కారులో వెళ్లాం. రిసార్టు వాళ్లు ఫోన్‌లో "వీల్‌చెయిర్ ఫ్రెండ్లీనే సార్" అన్నారు గానీ, అది గదుల వరకే. ఇక్కడ ఒకరు చెప్పినట్టు బోటు గుమ్మం వెడల్పు ఎన్ని అంగుళాలో టేపుతో కొలిచి పంపమన్నాను. 22 వచ్చింది. మా కుర్చీ 25. అప్పుడే తేలిపోయింది, కుర్చీతో సహా ఎక్కించడం కుదరదని.

పనిచేసింది నడుముకు కట్టే ట్రాన్స్‌ఫర్ బెల్టు. అమ్మ రెండడుగులు వేయగలదని ఫిజియోథెరపిస్టు ముందే చూసి చెప్పారు, బెల్టు ఎక్కడ పట్టుకోవాలో మాకు నేర్పించారు కూడా. బోటతను తాడు బిగించి, బోటును గట్టుకి ఆనించి పట్టుకున్నాడు. అమ్మ ముందు గట్టు అంచున కూర్చుంది, కాళ్లు బోటులో పెట్టింది, తర్వాత లేచి సీటు వైపు తిరిగింది. దిగేటప్పుడే కష్టం, బోటు ఊగుతుంది. ఇద్దరు మనుషులు ఉండాల్సిందే. కుర్చీ మడిచి గట్టు మీదే వదిలేశాం.

మడత ర్యాంపు అనవసరంగా కొన్నాను, పెట్టెలోంచి తియ్యనే లేదు. నీటిమట్టం గురించి పడ్డ టెన్షన్ కూడా వృథా. బ్యాటరీ వీల్‌చెయిర్ వాళ్లు మాత్రం మా పద్ధతి మీద ఆధారపడకండి. అడుగు కూడా వేయలేని వాళ్లకిది పనికిరాదు.

వేంబనాడ్ సరస్సు మధ్యలో అమ్మ అడిగిన మొదటి మాట: "ఇక్కడ చేపల పులుసు దొరుకుతుందా?"