జెడ్ మౌంట్‌లో ఇంకా రాని లెన్సులు: మీకు కావలసినవేంటి?

పొద్దుతిరుగుడు
నికాన్ మిర్రర్‌లెస్ కెమెరాలకి లెన్సు తగిలించే జెడ్ మౌంట్ 2018లో వచ్చింది. ఎఫ్/2.8 జూములు మూడూ అయ్యాయి, ఎఫ్/1.8 ప్రైములు (జూమ్ లేనివి) అయ్యాయి, పెద్ద టెలీలకూ కొదవలేదు. ఇంకా లోటు అనిపించేవి ఏంటి? మనిషికి మూడు చొప్పున చెప్పండి. ఫోకల్ లెంగ్త్, అపెర్చర్, దేనికి వాడతారో కూడా రాయండి. "ఉన్నవన్నీ సగం ధరకి" అంటే లెక్కలోకి రాదు.
నావి: 40 ఎంఎం ఎఫ్/2కి జతగా బుల్లి 85 ఎఫ్/2, జేబులో పట్టే 18 ఎఫ్/2.8, ఇంకా 70-200 ఎఫ్/4. మూడూ కాలినడక ప్రయాణాలకే.

పిట్టచూపు
మూడు అక్కర్లేదు, ఒక్కటి చాలు. 300 ఎఫ్/4 పీఎఫ్ (ఫేజ్ ఫ్రెస్నెల్ గాజుతో తేలికైన టెలీ), జెడ్ మౌంట్‌లో. అద్దమున్న పాత ఎస్ఎల్ఆర్ కెమెరాల ఎఫ్ మౌంట్‌ది 2015లో 755 గ్రాములకే ఇచ్చారు. జెడ్‌లో 600 పీఎఫ్, 800 పీఎఫ్ వచ్చాయి, దీన్ని మాత్రం అటకెక్కించారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేత్తో పట్టుకుని తిరిగేవాళ్ల గోడు ఎవరికీ పట్టదా?

నిలువుగోడ
టిల్ట్-షిఫ్ట్ (వంచి, పక్కకి జరిపి గోడలు నిలువుగా తెచ్చే లెన్సు). 19 కానీ 24 కానీ. మౌంట్ లోపలి వ్యాసం 55 ఎంఎం ఉంది కదా, దాన్ని వాడుకోవాల్సింది ఇక్కడే. బిల్డింగులు తీసేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

గ్రాములలెక్క
@పిట్టచూపు 400 ఎఫ్/4.5 ఉంది కదండీ. ట్రైపాడ్ కాలర్ తీసేస్తే 1160 గ్రాములు. 1.4 కన్వర్టర్ (ఫోకల్ లెంగ్త్ 1.4 రెట్లు చేసేది) పెడితే 560 ఎఫ్/6.3. పిట్టలకి 300 ఎలాగూ చాలదు, మీరూ కన్వర్టర్ పెడతారు. అప్పుడు మీ మోత ఎంతో చూడండి: లెన్సు 755, కన్వర్టర్ టీసీ-14ఈ III 190, ఎఫ్ లెన్సుని జెడ్‌కి తగిలించే అడాప్టర్ ఎఫ్‌టీజెడ్ II 125. మొత్తం 1070. తొంభై గ్రాముల కోసమా ఈ గోల?

పిట్టచూపు
లెక్క బాగుంది. జెడ్ మౌంట్‌లో కావాలని కదా నేనడిగింది, అందులోంచి ఎఫ్‌టీజెడ్ తీసెయ్యండి మరి. పైగా కన్వర్టర్ ఎప్పుడూ తగిలించుకునే తిరుగుతానని మీకెవరు చెప్పారు? పిట్ట దగ్గరికొస్తే పీకేస్తా, 300 ఎఫ్/4 అయిపోతుంది. మీ 400 నుంచి వంద ఎంఎం పీకగలరా?

ఆప్టిక్స్‌గురు
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. లెన్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ఎఫ్ మౌంట్‌లో ఫ్లాంజ్ దూరం (మౌంట్ నుంచి సెన్సర్ దాకా) 46.5 ఎంఎం, జెడ్‌లో 16. అద్దం అడ్డు లేదు కాబట్టి వెనక గ్రూపు సెన్సర్‌కి దగ్గరగా జరపొచ్చు. జెడ్‌కి మారిస్తే 300 పీఎఫ్ అమాంతం పొట్టిదైపోతుంది. ప్రాథమిక సూత్రం.

గ్రాములలెక్క
గురువుగారూ, అది వైడ్ లెన్సులకి. ఎస్ఎల్ఆర్‌లో 20 ఎంఎం లెన్సు చెయ్యాలంటే అద్దం తగలకుండా వెనక చోటు వదలాలి, అందుకే రెట్రోఫోకస్ తంటాలు. 300కి అద్దం ఏనాడూ అడ్డు రాలేదు. ముందు గాజు నుంచి సెన్సర్ దాకా ఉన్న పొడవు అలాగే ఉంటుంది, 46.5లోంచి 16 పోగా మిగిలిన 30.5 ఎంఎం గొట్టం లెన్సుకే అతుక్కుంటుంది. ఎఫ్‌టీజెడ్‌లో ఉన్నది ఆ ఖాళీ గొట్టమే. విడిగా కొలిస్తే లెన్సు పొడవు పెరుగుతుంది, తగ్గదు. ముందు గాజూ అంతే: 300ని 4తో భాగిస్తే 75 ఎంఎం, ఏ మౌంట్ పెట్టినా అంతకన్నా చిన్నది కాదు.

ఆప్టిక్స్‌గురు
బ్రోషర్ చదివినవాళ్లతో వాదన అనవసరం. టెలిఫోటో రేషియో అంటే ఏంటో తెలుసుకుని రండి.

గ్రాములలెక్క
తెలిసే అన్నాను. ఆ రేషియో అంటే పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో భాగించడం, అందులో పొడవు కొలిచేది ఫోకల్ ప్లేన్ వరకు, మౌంట్ వరకు కాదు. పీఎఫ్ ఎలిమెంట్ పెట్టి ఆ రేషియో 2015లోనే దించేశారు. ఇంకా దించాలంటే దించండి, కాకపోతే దానికి ఫ్లాంజ్‌తో పనిలేదు.

తూనీగ
మీ మీ గొడవ తర్వాత చూసుకోండి. 300 పీఎఫ్ అసలు గొప్పతనం బరువులో లేదు. 1.4 మీటర్ల నుంచి ఫోకస్ చేస్తుంది, సెన్సర్ మీద బొమ్మ అసలు సైజుకి 0.24 రెట్లు వస్తుంది. కన్వర్టర్‌తో అదే దూరం నుంచి 0.34 దాకా. 400 ఎఫ్/4.5 ఏమో 2.5 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది, 0.16 రెట్లు. తూనీగ రెక్క మీద గళ్లు విడివిడిగా కనపడాలంటే ఈ తేడా చాలా పెద్దది. ఈ ముక్క ఇంతవరకు ఎవ్వరూ ఎత్తలేదు!
నా కోరిక మాత్రం 200 మైక్రో (పురుగుల్ని దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్సు). పాత ఏఎఫ్-డీ 200 ఎఫ్/4తో ఒకటికి ఒకటి తీసేటప్పుడు పురుగు బెదరనంత ఎడం దొరికేది.

సగంసెన్సర్
జెడ్‌లో మాక్రో లెన్సు 105 ఎంసీ ఉంది కదా, దాంతో సరిపెట్టుకోండి. మాకు డీఎక్స్‌లో (చిన్న సెన్సర్ కెమెరాల్లో) 2025 దాకా అదీ లేదు.

తూనీగ
105లో కనీస ఫోకస్ దూరం 29 సెంటీమీటర్లు. అది సెన్సర్ నుంచి కొలిచేది. అందులో బాడీ మందం, లెన్సు పొడవు తీసెయ్యండి. ముందు గాజుకీ పురుగుకీ మధ్య జానెడు కూడా మిగలదు. హుడ్ పెడితే మన నీడే దాని మీద పడుతుంది. ఈ రెండు దూరాలూ ఒకటే అనుకుని కొనేవాళ్లు ఎంతమందో.

పాతగాజు
200 మైక్రో మాట వచ్చింది కాబట్టి. అసలు కావలసింది లెన్సే కాదు, మోటర్ ఉన్న ఎఫ్‌టీజెడ్. బాడీలో మోటర్ తిప్పితే ఫోకస్ అయ్యే ఏఎఫ్-డీ లెన్సులు మన బీరువాల్లో ఎన్ని పడున్నాయో! 105 డీసీ, 135 డీసీ (మసకని రింగుతో మార్చుకునే లెన్సులు), ఆ 200 మైక్రో, 180 ఎఫ్/2.8. ఎఫ్‌టీజెడ్ మీద ఇవన్నీ చేత్తో తిప్పుకోవాల్సిందే. సోనీవాళ్లు ఎల్ఏ-ఈఏ5లో 2020లోనే బుల్లి మోటర్ ఇరికించారు. మనకెందుకు కుదరదు?

పొద్దుతిరుగుడు
అయ్యా, ఇది లెన్సుల చర్చ. అడాప్టర్లకి వేరే చర్చ ఉంది.

ఆప్టిక్స్‌గురు
ఏళ్లనాడు అమ్మేసిన లెన్సు పని చేస్తే కంపెనీకి పైసా రాదు. వ్యాపారం అర్థం చేసుకోవాలి. పైగా 135 డీసీ బదులు జెడ్ 135 ఎఫ్/1.8 ప్లీనా ఉంది, అంతకన్నా శుభ్రంగా తీస్తుంది.

పాతగాజు
ప్లీనా 995 గ్రాములు. అంత శుభ్రం నాకు అక్కర్లేదు. డీసీ రింగు ఒక పక్కకి తిప్పితే వెనక మసక మెత్తబడుతుంది, ఇంకో పక్కకి తిప్పితే ముందు మసక మెత్తబడుతుంది. ఆ స్ఫెరికల్ అబరేషన్ మన చేతిలో ఉండేది. దాన్నే లోపం అంటున్నారు మీరు. మొన్న ఓ ముసలాయన మొహం తీశాను, ఫోకస్ పీకింగ్ (ఫోకస్ పడ్డ అంచులకి రంగు వేసేది) పెట్టుకుని, ఎఫ్/2.8 దగ్గర, రింగు కూడా 2.8 మీద. కనుబొమ్మ వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి, చెవి దాటాక అంచు ఎక్కడ పోయిందో తెలియలేదు. తీసినవాళ్లకి తెలుస్తుంది, చార్టులు చూసేవాళ్లకి కాదు.

ఆప్టిక్స్‌గురు
చార్టులు అన్నది నన్నేనా?

పాతగాజు
గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడం దేనికి?

చీకటిరాయుడు
24 ఎఫ్/1.4. పాలపుంతకి. 20 ఎఫ్/1.8 ఎస్ బానే ఉంది కానీ 24లో 1.8 కన్నా తెరుచుకునేది కావాలి. మూలల్లో నక్షత్రాలు రెక్కలొచ్చిన పురుగుల్లా సాగకూడదు. ఎఫ్/1.4 అని చెక్కించి, ఆ సాగుడు (కోమా) పోవాలంటే 2.8కి మూసుకోండి అంటే ఒప్పుకోను. లెన్సుకి మంచు పట్టకుండా డ్యూ హీటర్ చుట్టుకోవడానికి రింగుకీ హుడ్‌కీ మధ్య కాస్త బోడి చోటు వదలండి చాలు, దండం పెడతా.

నిలువుగోడ
టిల్ట్-షిఫ్ట్ గురించి ఎవరూ పలకరేం?

సగంసెన్సర్
డీఎక్స్ వాళ్ల మాట వినండి ఒకసారి. జెడ్50, జెడ్ఎఫ్‌సీ, జెడ్30, జెడ్50 II, ఒక్కదాని బాడీలోనూ స్టెబిలైజేషన్ లేదు. అంటే లెన్సులోనే వీఆర్ (కుదుపు తగ్గించేది) ఉండాలి. సిగ్మా 16, 30, 56 ఎఫ్/1.4 వచ్చాయి, సంతోషం, వాటిలోనూ లేదు. వీఆర్ ఉన్న చిన్న వైడ్ ప్రైము ఒక్కటి, 16 ఎంఎం ఎఫ్/2 అయినా సరే. నడుస్తూ వీడియో తీస్తే చూసేవాళ్లకి కళ్లు తిరుగుతున్నాయి.

చీకటిరాయుడు
ఫుల్ ఫ్రేమ్‌కి మారిపోతే పోయేదానికి...

సగంసెన్సర్
వచ్చేశాడండీ! ప్రతి చర్చలోనూ ఒకడుంటాడు. మీ 20 ఎఫ్/1.8 ఒక్కటే 505 గ్రాములు. జెడ్30 బాడీ బ్యాటరీతో కలిపి 405. నా కెమెరా కన్నా మీ లెన్సు బరువు. ఉచిత సలహాలు మీ దగ్గరే ఉంచుకోండి.

పొద్దుతిరుగుడు
నెమ్మది, నెమ్మది. నేనడిగిన 70-200 ఎఫ్/4 ఇంకెవరికీ వద్దా?

పిట్టచూపు
వద్దు. 400 ఎఫ్/4.5 గురించి ఇంకో మాట. ట్రైపాడ్ కాలికి ఆర్కా గాడి (ట్రైపాడ్ తలలో నేరుగా బిగించేది) లేదు. ఇంత ఖరీదు పెట్టి, మళ్లీ దానికింద ఓ ప్లేటు బిగించుకోవాలి. ఆ ప్లేటు బరువు మీ 1160లో కలిపారా?

గ్రాములలెక్క
కాలర్ తీసేశాక అన్నాను కదా, కాలే లేనప్పుడు ప్లేటు ఎక్కడ బిగిస్తారు? కాలర్‌తో 1245. కాలికి గాడి లేకపోవడం దిక్కుమాలిన పనే, అక్కడ మీతో గొడవ లేదు. నేను కాలు మార్చేసి వేరేవాళ్లది వేశాను.

తూనీగ
ఏది వేశారు? హుడ్ తిరగేసినప్పుడు తగలట్లేదు కదా?

గ్రాములలెక్క
తగలదు, కాస్త పొట్టిది తీసుకోండి. మరీ పొట్టిదైతే వేళ్లు దూరవు, మోసేటప్పుడు విసుగు.

పాతగాజు
@నిలువుగోడ మీకెవరూ చెప్పట్లేదని నేనే చెబుతున్నా. ఎఫ్ మౌంట్ టిల్ట్-షిఫ్ట్ 19 పీసీ ఎఫ్‌టీజెడ్ మీద హాయిగా పనిచేస్తుంది, అది ఎలాగూ చేత్తో ఫోకస్ చేసే లెన్సే. ఎస్ఎల్ఆర్‌లో షిఫ్ట్ చేస్తే వెలుగు కొలత తప్పేది, ఇక్కడ సెన్సరే కొలుస్తుంది కాబట్టి తెర మీద ఏం కనిపిస్తే అదే వస్తుంది. టిల్ట్ పెట్టాక తెర మీద బొమ్మ పెద్దది చేసుకుని రెండు మూలల్లోనూ ఫోకస్ చూసుకోవచ్చు. అడాప్టర్ కొంటే II తీసుకోండి, మొదటిదానికి కింద ట్రైపాడ్ దిమ్మ ఉంటుంది, కెమెరాకి బిగించే ఎల్ ప్లేటుకి అడ్డం.

నిలువుగోడ
అమ్మయ్య, ఒక్కరైనా పలికారు. నాకున్నది మొదటిదే. ఆ దిమ్మ విప్పడం కుదురుతుందా?