పీజీ వైఫైలో వీడియో కాల్: రింగ్ అవుతుంది, ఎత్తుతారు, ‘కనెక్టింగ్’ దగ్గర ఆగిపోతుంది

కొత్తబ్బాయి_బీటీఎం:
బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో పీజీ. విండోస్ 11 ల్యాప్‌టాప్, క్రోమ్. అన్నయ్య తన సొంత సర్వర్‌లో కాల్ యాప్ పెట్టాడు, ఇంట్లోవాళ్ళంతా అదే వాడతారు. నేను చేస్తే రాజమండ్రిలో రింగ్ అవుతుంది, ఎత్తుతారు, అక్కణ్ణుంచి ‘కనెక్టింగ్’ అని తిరిగి తిరిగి కట్ అవుతుంది. యూట్యూబ్ మాత్రం 1080పీలో ఆగకుండా ఆడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో అయితే కాల్ కలుస్తుంది, బొమ్మ వెళ్తుంది కానీ నా మాట వాళ్ళకి వినపడదు, వాళ్ళ మాట డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. చెవిలో బ్లూటూత్ బడ్స్. కెమెరా డ్రైవర్ తీసి మళ్ళీ వేశాను, విండోస్ ఫైర్‌వాల్ ఆపి చూశాను. తేడా లేదు.

ప్యాకెట్ పంతులు:
ముందు ఆ ఫైర్‌వాల్ మళ్ళీ ఆన్ చేయండి. బయటికి వెళ్ళే ట్రాఫిక్‌ని అది మామూలుగా ఆపదు. ఎవరికి ఏ జబ్బు వచ్చినా అదే మందు రాసేస్తారు మనవాళ్ళు. డ్రైవర్ కూడా నిర్దోషే. హాట్‌స్పాట్‌లో బొమ్మ వెళ్తోందిగా.

మీవి రెండు వేర్వేరు సమస్యలు. వైఫై సంగతి ముందు చూద్దాం. రింగ్ అవడం, ఎత్తడం సర్వర్ మీదుగా టీసీపీ 443లో, అంటే మామూలు వెబ్‌సైట్ దారిలో నడుస్తాయి. బొమ్మా మాటా ఆ దారిన పోవు. వీలైతే రెండు కంప్యూటర్ల మధ్య నేరుగా, యూడీపీలో (దారిలో పోయిన డేటా ముక్క కోసం ఆగకుండా పంపే పద్ధతి) వెళ్ళాలని చూస్తాయి. యూట్యూబ్‌కి యూడీపీ మూసేసినా టీసీపీ చాలు, పైగా కాస్త ముందుగానే దించి పెట్టుకుంటుంది. అది ఆడుతోందని కాల్ కూడా నడవాలనేం లేదు.

పీజీ వైఫైలోనే ఉండి, వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్‌లో కాల్స్ నడిపే టెక్నాలజీ) శాంపిల్స్‌లోని ‘ట్రికిల్ ఐస్’ పేజీ తెరిచి ‘గ్యాదర్ క్యాండిడేట్స్’ నొక్కండి. టైప్ అనే గడిలో ‘హోస్ట్’ (మీ ల్యాప్‌టాప్ సొంత అడ్రస్) ఒక్కటే వస్తే యూడీపీ బయటికి పోవట్లేదు. ‘ఎస్ఆర్ఎఫ్ఎల్ఎక్స్’ (బయటివాళ్ళకి కనిపించే మీ అడ్రస్) కూడా వస్తే దారి తెరిచే ఉంది, గొడవ నాట్ దగ్గర, అంటే రౌటర్ లోపలి అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చే చోట. కంపెనీ వీపీఎన్ ఉంటే ఆపి చేయండి, లేకపోతే ఫలితం వీపీఎన్‌ది అవుతుంది, పీజీది కాదు.

కొత్తబ్బాయి_బీటీఎం:
వీపీఎన్ లేదండీ. హోస్ట్ ఒక్కటే వచ్చింది, కింద 701 అని ఎర్రర్.

ప్యాకెట్ పంతులు:
701 అంటే మీ బయటి అడ్రస్ ఏదో చెప్పే స్టన్ సర్వర్ నుంచి జవాబు రాలేదని. యూడీపీ మూసేశారు. మీట్, టీమ్స్, జూమ్ లాంటివి ఇలాంటి చోట తమ సర్వర్ల మీదుగా టీసీపీ 443కి మారిపోతాయి, అందుకే పక్క గదివాళ్ళకి ఇబ్బంది తెలియదు. మీ అన్నయ్య సర్వర్‌లో ఆ మధ్యవర్తి, అంటే టర్న్ రిలే, లేనట్టుంది.

కేబుల్ బాబాయ్:
పీజీ ఓనర్‌ని ‘యూడీపీ తెరవండి సార్’ అని అడిగితే మొహం చూస్తాడు. అడిగితే రౌటర్ పెట్టినవాణ్ణే అడగాలి, అదీ పోర్ట్ నంబర్‌తో: యూడీపీ 3478 బయటికి. కానీ మీ యాప్ నేరుగా కలిపేది కాబట్టి, అవతలి వైపు ఏ పోర్ట్ వస్తుందో ముందు తెలియదు. ఆ ఒక్క పోర్ట్ తెరిస్తే చాలదు, రిలే కావాల్సిందే.

అన్నయ్యకి ఇలా చెప్పు. కోటర్న్ అనే టర్న్ రిలే సాఫ్ట్‌వేర్ పెట్టాలి. దాని మామూలు పోర్ట్ 3478, టీఎల్ఎస్‌కి, అంటే గుప్తీకరించిన కనెక్షన్‌కి, 5349. నీ పీజీలో ఆ రెండూ నడవకపోవచ్చు కాబట్టి టీఎల్ఎస్‌ని 443 మీద పెట్టమను. అదే మెషీన్‌లో 443ని వెబ్ సర్వర్ వాడుతుంటే కోటర్న్‌కి ఇంకో ఐపీ కావాలి. సర్వర్ ఫైర్‌వాల్‌లో యూడీపీ 49152 నుంచి 65535 వరకు తెరవాలి. రిలే అవతలివాళ్ళతో మాట్లాడేది అక్కడే. క్లౌడ్ మెషీన్ అయి దానికి లోపలి ఐపీ వేరే ఉంటే, కాన్ఫిగ్‌లో ‘ఎక్స్‌టర్నల్-ఐపీ’ లైన్ తప్పనిసరి. అది మర్చిపోతే రిలే తన లోపలి అడ్రస్‌నే చెప్పి కూర్చుంటుంది, కాల్ మళ్ళీ ‘కనెక్టింగ్’ దగ్గరికే వస్తుంది.

చివరిగా యాప్ సెట్టింగ్స్‌లో టర్న్ అడ్రస్‌కి ‘టర్న్స్’ అని, ట్రాన్స్‌పోర్ట్ ‘టీసీపీ’ అని ఇవ్వాలి. ఆ వివరాలే ట్రికిల్ ఐస్ పేజీలో వేసి నువ్వు మళ్ళీ నొక్కు. ‘రిలే’ అనే వరస కనిపిస్తేనే పని అయినట్టు.

హెడ్‌సెట్ హరి:
హాట్‌స్పాట్‌లో మాట సంగతి. బడ్స్ మైక్ వాడగానే బ్లూటూత్ హ్యాండ్స్-ఫ్రీ పద్ధతికి మారిపోతుంది, సౌండ్ మోనోకి పడిపోతుంది. ఆ డబ్బా గొంతు అదే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్‌కి వెళ్ళి ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ మైక్ పెట్టండి, అవుట్‌పుట్‌గా బడ్స్ ఉంచండి. మాట్లాడుతూ అక్కడి వాల్యూమ్ గీత కదులుతోందా చూడండి. కదలకపోతే ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో మైక్రోఫోన్ దగ్గర డెస్క్‌టాప్ యాప్స్‌కి అనుమతి ఆఫ్ అయి ఉండొచ్చు, క్రోమ్ ఆ గుంపులోకే వస్తుంది. గీత కదిలినా వాళ్ళకి వినపడకపోతే క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో వేరే మైక్ ఎంచి ఉంటుంది.

కొత్తబ్బాయి_బీటీఎం:
మైక్ మారిస్తే మాట వెళ్తోంది. అప్పటిదాకా క్రోమ్‌లో బడ్స్ మైకే ఎంచి ఉంది. అన్నయ్య 443 మీద కోటర్న్ పెట్టాడు, రిలే వరస వచ్చింది, పీజీ వైఫైలోనే కాల్ కలిసింది. కాకపోతే రాత్రి తొమ్మిది తర్వాత బొమ్మ ఒక్కోసారి బిగుసుకుపోయి మళ్ళీ వస్తోంది.

ప్యాకెట్ పంతులు:
టీసీపీలో ఒక ప్యాకెట్ (డేటా ముక్క) పోతే అది మళ్ళీ వచ్చేదాకా వెనకవి లైన్లో నిలబడాలి, అందుకే ఆ బిగుసుకోవడం. రాత్రిపూట రౌటర్ ఐపీకి ఒక పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూపే కమాండ్), బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఒక పింగ్ పక్కపక్కన పెట్టండి. రౌటర్‌కే ఎగుడుదిగుడుగా వస్తే వైఫై సమస్య, 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. రౌటర్‌కి బాగుండి బయటికి మాత్రమే పెరిగితే లైన్ నిండిపోయింది, వీడియో 360పీకి దించి మాట్లాడండి.