బీర పిందెలు నిలవడం లేదు, చేత్తో పుప్పొడి అంటించినా రాలిపోతున్నాయి

మిద్దెతోట_వైట్‌ఫీల్డ్:
బెంగళూరులో నాలుగో అంతస్తు మిద్దె మీద పెద్ద గ్రోబ్యాగుల్లో రెండు బీర పాదులు, ఒక సొర పాదు ఉన్నాయి. ఆడపూలు బాగానే వస్తున్నాయి. తేనెటీగలు కనబడవు కాబట్టి పొద్దున ఏడింటికి మగపువ్వు కోసి ఆడపువ్వుకు రుద్దుతున్నాను. అయినా వేలెడంత పిందె మూడో రోజుకు పచ్చబడి, ముడుచుకుని రాలిపోతోంది. నిలిచిన ఒకటి రెండు కూడా ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా వంకరపోయాయి. వర్మీకంపోస్టు, జీవామృతం ఇస్తున్నాను. పొటాష్ తక్కువైందంటారా?

పందిరి_కింద:
ఎరువు జోలికి వెళ్లకండి, తేడా వేళలో ఉంది. బీర, సొర, పొట్ల సాయంత్రం పూసేవి. కాకర, గుమ్మడి, దోస, నేతిబీర తెల్లవారుజామున విచ్చుకునేవి. మీరు గుమ్మడి వేళకు బీరకు చేస్తున్నారు. అప్పటికి పువ్వు విచ్చి పన్నెండు గంటలు దాటింది. పుప్పొడి బలం తగ్గింది, కీలాగ్రం (ఆడపువ్వులో పుప్పొడిని అందుకునే కొన) కూడా వాడుముఖం పట్టింది.

మధ్యాహ్నం మూడు నాలుగింటికే పాదు చూసుకోండి. మర్నాటి దాకా ఆగకుండా ఆ సాయంత్రమే విచ్చే ఆడమొగ్గ కొన ఉబ్బి, పసుపు తొంగిచూస్తుంటుంది. ఆరు నుంచి ఎనిమిది మధ్య, అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి రేకులు తుంచేయండి. ముందు గోటి మీద ఒకసారి తాకించండి. పసుపు పొడి అంటకపోతే ఆ పువ్వు పనికిరాదు. ఆడపువ్వు మధ్యలో కీలాగ్రం మూడు పాయలుగా ఉంటుంది, మూడింటికీ అంటాలి. నలపకండి, మెల్లగా అద్దితే చాలు. ఒక్కో ఆడపువ్వుకు రెండు మూడు మగపూలు వాడండి. పిందెను పట్టుకోకండి, నూగు రాలి మచ్చపడుతుంది.

ఇంకో మాట. వేపనూనె సాయంత్రం కొట్టమని అందరూ చెబుతారు. బీర, సొరలకు అది సరిపడదు. అప్పుడే విచ్చిన పువ్వు తడిసిపోతుంది, రాత్రి వచ్చి పుప్పొడి మోసే పురుగులూ రావు. ఉదయం, పూలను తప్పించి, ఆకుల అడుగున కొట్టండి.

బోటనీ_టీచర్:
పై జవాబుకు కొంచెం కలుపుతాను. పుప్పొడి అంటడం పరాగ సంపర్కం మాత్రమే. కాయ కట్టాలంటే ఫలదీకరణ జరగాలి. కీలాగ్రం మీద పడిన పుప్పొడి రేణువు మొలకెత్తి, పరాగనాళం అనే సన్నటి గొట్టం కీలంలోంచి (కీలాగ్రం కింది కాడలోంచి) దిగి, అండాశయంలోని, అంటే పిందెలోని, ఒక్కో అండాన్ని చేరుతుంది. నాళం రెండు పురుష బీజకణాలను మోసుకెళుతుంది. ఒకటి స్త్రీ బీజకణంతో కలిసి పిండం అవుతుంది. రెండోది అండం లోపలి పిండకోశం నడుమనున్న రెండు కేంద్రకాలతో కలిసి, పిండానికి ఆహారమైన అంకురచ్ఛదం అవుతుంది. ఇదే ద్విఫలదీకరణ. 1898లో సెర్గీ నవాషిన్ లిల్లీ కుటుంబపు మొక్కల్లో దీన్ని గుర్తించాడు. కొబ్బరి బోండంలో నీళ్లు, లేత కొబ్బరి ఆ అంకురచ్ఛదమే.

అంటే ఒక్కో గింజకు ఒక్కో రేణువు కావాలి. అందుకే ఒక్క మగపువ్వు చాలదు. ఎదిగే గింజల నుంచి వచ్చే హార్మోన్లే కాయను లావు చేస్తాయి. గింజ కట్టిన వైపు ఊరుతుంది, కట్టని వైపు సన్నగా ఉండిపోతుంది. మీ వంకర కాయలకు ముఖ్యకారణం అదే అనుకుంటున్నాను. నీళ్లు ఒకరోజు పోసి ఒకరోజు మానేసినా వంకర వస్తుంది, అదీ చూసుకోండి. గింజలు అసలే కట్టకపోతే తీగ ఆ పిందెను వదిలేస్తుంది.

మిద్దెతోట_వైట్‌ఫీల్డ్:
చాలా థాంక్సండి. మరి ఇక్కడ సరిగ్గా ఆరింటికే వాన పడుతోంది కదా, అప్పుడేం చేయాలి?

పందిరి_కింద:
మే నెలలో, సెప్టెంబరు అక్టోబరుల్లో బెంగళూరులో బీరకు ఇదే పెద్ద అడ్డంకి. రేణువుకు నీటిచుక్క తగిలితే నీళ్లు పీల్చుకుని పగిలిపోతుంది. మబ్బు పట్టగానే మగమొగ్గలు కాడతో కోసి, ఇంట్లో గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. కాడ మాత్రమే మునగాలి. అవి అక్కడే విచ్చుకుంటాయి. ఆడమొగ్గకు బటర్ పేపర్ సంచి వదులుగా తొడిగి, క్లిప్పు పెట్టండి. వాన వెలిసాక సంచి తీసి అద్దండి, మళ్లీ తొడిగి పొద్దున తీసేయండి.

హెసరఘట్ట_దారి:
రాలిన పిందెను ఒకసారి కోసి చూడండి. లోపల శుభ్రంగా ఉంటే పరాగ సంపర్కం సమస్యే. పైన సూదిపోటంత రంధ్రం, జిగురుచుక్క ఉండి, లోపల తెల్లటి పురుగులుంటే అది పండు ఈగ. దానికి క్యూ లూర్ అనే ఎర పెట్టిన బుట్ట కట్టాలి. మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎర తీగజాతి కూరల ఈగను లాగదు. షాపులో రెండూ ఒకేలా కనిపిస్తాయి, అడిగి తీసుకోండి. పురుగున్న పిందెలను కంపోస్టులో వేయకండి, కవర్లో కట్టి ఎండలో పెట్టండి.